ఇంజన్ ఆపి పోసిన ఆయిల్

ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద షెడ్డున్న మెకానిక్ దశరథకు లోకంలో నచ్చిన మనిషి ఒక్కడే. అది తనే. లారీల కింద దొర్లి దొర్లి తల నెరిసింది గానీ ఆ తలబిరుసు తగ్గలేదు. ప్లాట్లు అమ్మేవాళ్లంటే వెటకారం, కొనేవాళ్లంటే ఎగతాళి, డ్రైవర్లంటే ఒట్టి చులకన. ఇక క్లచ్ లేని ఆటోమేటిక్ బండంటే మరీను. "గేరు మార్చరానోడు బస్సెక్కాలె, బండెందుకు?" అనేవాడు. అయినా అలాంటి బండి షెడ్డుకొస్తే నాకు రాదని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అంటే పరువు పోదూ!

మన్నెగూడ దగ్గర వెంచర్లు వేసే భుజంగరావు పికప్ అలాంటి బండే. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆయన, కొనేవాళ్లను అందులో ఎక్కించి ప్లాట్లు చూపించేవాడు. నడిపేది మహేశ్వర్, మొన్నమొన్నటి దాకా ట్రాక్టర్ తోలినవాడు. నెల కిందట ఆ బండికి గేర్ ఆయిల్ మార్చింది దశరథే. లారీకి ఎలా మారుస్తాడో అలాగే మార్చాడు. ఇంజన్ ఆపి, గేర్‌బాక్సు పక్క బోల్టు విప్పి, ఆయిల్ ఆ రంధ్రం అంచు దాటి కారేదాకా పోసి బిగించాడు.

ఆ తర్వాతే బండి మొరాయించడం మొదలైంది. గేరు మీట ముందుకు నడిపే 'డి'లో పెడితే వెంటనే కదలదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి పాకుతుంది. గేరు పడగానే వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదుపు. ఆ కుదుపుకు ప్లాటు చూడ్డానికొచ్చిన పెద్దావిడ నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. బేరం చెడింది.

"ఏంటయ్యా దశరథా, దీనికేం రోగం?" అన్నాడు భుజంగరావు.

దశరథ ఇంజన్ ఆపించి బోల్టు విప్పాడు. ఆయిల్ అంచు దాకా ఉంది. "ఆయిల్ నిండుగున్నది సార్" అని మహేశ్వర్ వైపు తిరిగాడు. "దిగుడుల న్యూట్రల్ జేస్తున్నవా?"

"అవ్ అన్నా. డీజిల్ మిగుల్తదని. ట్రాక్టర్‌కు గట్లనే జేస్తుంటి."

"ఇన్నరా సార్? గేర్‌బాక్సు ఖరాబ్ జేసింది ఈయనే. గిసోంటోళ్లకు ట్రాక్టరే ఎక్కువ."

భుజంగరావు అక్కడికక్కడే మహేశ్వర్ దగ్గర తాళాలు తీసుకుని దశరథ చేతికిచ్చి, "రేపట్నుంచి రావద్దు" అన్నాడు మహేశ్వర్‌తో. మహేశ్వర్ భార్య రేణుకకు నెలలు నిండాయని భుజంగరావుకూ తెలుసు, దశరథకూ తెలుసు.

మర్నాడు దశరథ, హయత్‌నగర్‌లో స్పేర్ పార్టులమ్మే గోపయ్యకు ఫోన్ చేసి గేర్‌బాక్సు సామాన్లు ఉన్నాయా అని అడిగాడు.

"ముందుగాల ఇంజన్ నడుస్తుండంగ ఆయిల్ జూసినవా?" అన్నాడు గోపయ్య.

"ఇంజన్ ఆపే గద జూసేది?"

"గది లారీకి. గీ బండి స్టార్టయితే ఆయిల్ లోపలికి గుంజుకుంటది. నడుస్తుండంగనే నింపాలె."

దశరథ బండి స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, కిందికి దూరి బోల్టు విప్పాడు. ఒక్క చుక్క రాలేదు. పోస్తుంటే తాగింది, ఇంకా తాగింది, చాలాసేపటికి గానీ కారలేదు. మన్నెగూడ దాకా నడిపి చూశాడు. గేర్లు మారుతున్నట్టే తెలియలేదు. న్యూట్రల్ చేయడం మంచి అలవాటు కాకపోవచ్చు. కానీ ఈ బండిని చెడగొట్టింది అది కాదు.

తప్పు తనదేనని భుజంగరావుకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. అంతటి ఘనుడు చేస్తాడా? సాయంత్రం భుజంగరావు వచ్చి, నడిపి చూసుకుని, మురిసిపోయి, "ఏం చేశావయ్యా?" అని అడిగాడు.

"డ్రైవర్ జేసిన ఖరాబంత సాఫ్ జేసిన సార్" అన్నాడు దశరథ. ఛీ! ఆ నాలుక తడబడనైనా లేదు.

భుజంగరావు వెళ్లేదాకా రోడ్డవతల నిలబడి ఉన్న మహేశ్వర్ అప్పుడు షెడ్డులోకి వచ్చాడు.

"తప్పు నాదే అన్నా. నువ్వు జెప్పేదాంక నాకు ఎరుక లేకపాయె. ఇగ న్యూట్రల్ జోలికి పోను. సార్ నీ మాట ఇంటడు, జర జెప్పరాదే."

దశరథ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలే, తీరిగ్గా. "చూస్త తియ్" అన్నాడు.

మహేశ్వర్ వంగి రెండు చేతులా దండం పెట్టాడు. దశరథ ఆ దండాన్ని వద్దనలేదు.