డాబా మీద పత్తికట్టె

మా అమ్మాయి గుంటూరులో ఇల్లు కట్టుకుంటోంది. మొన్న ప్లాను చూపించడానికి ఒక ఇంజనీరు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అబ్బాయి కాగితాలు పరిచి, పగటిపూట లైటు వేసే పని లేకుండా పైకప్పులో అద్దం పెడతామనీ, ఎండ నేరుగా శ్లాబు మీద పడకుండా పైన నీడ ఏర్పాటు చేస్తామనీ, దీన్నే గ్రీన్ బిల్డింగ్ అంటారనీ ఎంతో ఓపికగా చెప్పాడు. నేను తల ఊపుతూ విన్నానే గాని, ఆ నీడ అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఏమైందమ్మా అని మా అమ్మాయి అడిగితే ఏమీ లేదన్నాను. దానికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను, నా ఈడు వాళ్ళు అర్థం చేసుకుంటారని.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. ఊరికి కాస్త ఎడంగా, చర్చి చుట్టూ ఉండేది మా పేట. నాన్న మట్టిగోడలు పెట్టేవాడు. మా నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కనుక గోడకు పనికిరాదని, పాడుబడ్డ పాత ఊరి పాటిదిబ్బ మట్టి బండ్ల మీద తోలించి, వరిగడ్డి కలిపి తొక్కి, మూరెడెత్తు వరస పెట్టి, అది పూర్తిగా ఆరేదాకా పై వరస జోలికి వెళ్ళేవాడు కాదు. తొందరపెట్టే ఆసాములతో ఆయనకు ఎప్పుడూ పేచీయే. మేముండే ఇల్లూ ఆయన చేతులతో పెట్టిందే. పైన బెంగుళూరు పెంకు, వాటి మధ్య వెలుతురు కోసం ఒకే ఒక్క అద్దం పెంకు. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. అందులోంచి పడే ఎండ పొద్దున్నే పడమటి గోడ మీద మొదలై, నేల మీదికి దిగి, సాయంత్రానికి తూర్పు గోడ ఎక్కేది. అమ్మ దాని దగ్గరే కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది, బైబిలు చదువుకునేది, అది ఎక్కడుందో చూసి టైము చెప్పేది. మా ఇంట్లో గడియారం లేని లోటు ఎప్పుడూ తెలియలేదు.

ఎనభైల మొదట్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. రాగానే డాబా కడదామని పట్టుబట్టాను. ఊళ్ళో పెద్ద ఇళ్ళ గోడలన్నీ మా నాన్న పెట్టినవే అయినా, గృహప్రవేశమయ్యాక ఆ ఇళ్ళ గుమ్మం లోపలికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. అలాంటి మా పేటలో మొట్టమొదటి డాబా మాదే కావాలని నేనెంత తహతహలాడానో వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో ఉడికిపోతామని నాన్న ఒక్కసారి అన్నాడు, మళ్ళీ అనలేదు. తను పెట్టిన గోడలను తనే గడ్డపలుగుతో కూల్చాడు. పట్నం మేస్త్రీలు వచ్చి సన్నటి గోడలు, చిన్న కిటికీలు పెట్టి శ్లాబు పోశారు. లోపల పగలు కూడా ట్యూబులైటు వేస్తే గాని కనపడేది కాదు. ఆ ట్యూబులైటు చూసి కూడా నేను మురిసిపోయాను.

ఏడాది తిరక్కుండానే అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఆ వేసవిలో శ్లాబు పెనంలా కాలేది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయేది, ఫ్యాను ఆగేది, గది చీకటయ్యేది. అమ్మ కళ్ళు తెరిచి కప్పుకేసి వెతుక్కుని, టైమెంతయిందని ముద్దముద్దగా అడిగేది. గోడ గడియారం కొని తగిలించాను గాని ఆ చీకట్లో అదీ కనపడేది కాదు.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి నాన్న డాబా మీద, సరిగ్గా అమ్మ మంచమున్న చోటుకు పైన, పత్తికట్టె మందంగా పరిచి బిందెలతో నీళ్ళు చల్లుతున్నాడు. పెరట్లో పొయ్యిలోకి దాచుకున్న కట్టె అది. మర్నాటికే గదిలో వేడి తగ్గింది. ఎన్నాళ్ళకో అమ్మ మధ్యాహ్నం కాస్త కునుకు తీసింది.

ఆ ఆదివారం అమ్మ కోసం ప్రార్థన చేయడానికి పాస్టరుగారు, మా హెడ్మాస్టరుగారు, తోటి టీచర్లు వస్తామన్నారు. ముందురోజు దారిన పోతున్న ఒక ఆసామి మా ఇంటికేసి చూసి, డాబా కట్టినా పాక బుద్ధి పోలేదని పక్కవాడితో అని నవ్వడం నా చెవిన పడింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ కోపం వాడి మీద చూపించలేక నాన్న మీద చూపించాను. కట్టె దించెయ్యమన్నాను.

"వానలు పడిందాకా ఉంచుదామమ్మా. మీ అమ్మ నిద్దరపోతంది" అన్నాడు నాన్న.

"రేపు వచ్చేవాళ్ళ ముందు నా పరువేం కాను?" అన్నాను.

ఆయన నిచ్చెన వేసుకుని కట్టె దించేశాడు. ఆదివారం వచ్చినవాళ్ళంతా ఇల్లు బాగుందన్నారు, అమ్మ మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసి వెళ్ళారు. కట్టె మళ్ళీ వెయ్యనా అని నాన్న సోమవారం అడిగితే, చూద్దాంలే అని బడికి వెళ్ళిపోయాను. ఏప్రిల్ ఎండలు ముదిరాయి. బుధవారం అమ్మకు ఒళ్ళు కాలిపోయింది. పర్చూరు నుంచి వచ్చిన డాక్టరుగారు, అసలే బలహీనం, ఈ వేడికి తట్టుకోలేకపోతోందన్నారు. శుక్రవారం పగటిపూట, కరెంటు లేని గదిలో, నాన్న తాటాకు విసనకర్రతో విసురుతుండగానే పోయింది.

సమాధి చేసి వచ్చాక, నాన్నకైనా చల్లగా ఉంటుందని, పత్తికట్టె మళ్ళీ వేయిద్దాం నాన్నా అన్నాను. ఆయన నాకేసి చూసి, "ఇంకెవరికమ్మా" అన్నాడు. బతికినన్నాళ్ళూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మా పేటంతా డాబాలే. మట్టిగోడ పెట్టడం తెలిసినవాడు చుట్టుపక్కల ఒక్కడూ లేడు. డాబా మీద నీడ వేసుకుంటే నవ్వేవాళ్ళూ లేరు, పైగా చదువుకున్నవాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నారు. మంచిదే, నాకూ సంతోషమే. కానీ మా అమ్మకు కావలసిన ఆ కాస్త నీడ ఆ వేసవిలో మా పెరట్లోనే ఉంది. పైకి మోసినవాడు నాన్న, దించమన్నదాన్ని నేను.