ఏడో పాటలో ఖాళీ

వెర్లీన్‌కి కోపం వస్తే ముందు డ్రయ్యర్లు ఆగిపోతాయి. జాక్సన్ ఊళ్ళో ఆ వీధి వీధంతటికీ తెలిసిన సంగతే ఇది. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ ఆడవాళ్ళ జుట్టు సాపు చేసి, జడలు అల్లి బతుకుతోంది. దుకాణంలో జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్లు మూడు, మూడూ కలిస్తే మిల్లు మోత. వాటి కింద తల పెట్టినవాళ్ళకి పక్కన పిడుగు పడ్డా వినబడదు. అందుకని ముఖ్యమైన మాటేదైనా ఉంటే వెర్లీన్ గోడమీది మీట టక్కున నొక్కేది. ఒక్కసారిగా నిశ్శబ్దం. అందులో ఆవిడ అన్నదే ఆఖరి మాట, ఎదురుగా ఉన్నది పాస్టరుగారి భార్యైనా సరే.

ఆ విద్యని కొడుకు ఓర్లాండస్ ఎత్తుకుపోయాడు. వాడూ, పక్కింటి రోడ్రిక్కూ పన్నెండేళ్ళప్పటినుంచీ వెర్లీన్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ర్యాప్ కట్టేవాళ్ళు. పెద్దయ్యాక తమ జంటకి పోర్చ్ బాయ్స్, అంటే అరుగు కుర్రాళ్ళు, అని పేరు పెట్టుకున్నారు. రోడ్రిక్‌ది పెద్ద గొంతు, ఊపు. ఓర్లాండస్ దారి వేరు. దరువు దంచుకుంటూ పోతుండగా మధ్యలో దాన్ని ఠక్కున ఆపించి, ఆ ఖాళీలో మామూలుగా మాట్లాడుతున్నట్టు ఒక్క మాట అనేవాడు. జనం ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించేవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఓ పాట రికార్డు చేసి వచ్చి, "ఇందులో నీకోసం ఒకటుందే అమ్మా. ఇప్పుడు చెప్పను, టేపు వచ్చాక విను" అన్నాడు. తరవాతి వారమే హైవే మీద వాడి కారుని ట్రక్కు గుద్దేసింది, అక్కడికక్కడే పోయాడు. ఇరవై రెండేళ్ళు వాడికి. ఆ పాటలో ఏముందో వెర్లీన్‌కి తెలియలేదు. రోడ్రిక్‌ని అడిగితే, "వస్తుంది మ్యామ్, టేపులో వస్తుంది" అని తప్పించుకునేవాడు. ఆవిడ ఆగింది. వాడి మాట నమ్మడమే ఆవిడ చేసిన తప్పు.

ఈ వేసవిలో టేపు వచ్చింది. టేపనడం అలవాటు గానీ, అది సీడీ. ఊళ్ళో ఇలాంటివి అమ్మేది పెద్ద కొట్లలో కాదు. సెలూన్లలో, జుట్టు దుకాణాల్లో, కార్లు కడిగే చోట డిక్కీలు తెరుచుకుని అమ్ముతారు. శనివారం పొద్దున వెర్లీన్ ఇంకా రాకముందే రోడ్రిక్ ఓ కట్ట తెచ్చి బల్ల మీద పడేసి పోయాడు. ఎదురుపడే మొహం ఉంటే గదా! అట్ట మీద వాడి బొమ్మ ఒక్కటే, మెడ నిండా గొలుసులు, కింద బండంత అక్షరాలతో 'సోలో'. ఓర్లాండస్ పేరు భూతద్దం పెట్టి వెతికినా లేదు.

వెర్లీన్ డ్రయ్యర్లు కట్టేసి సీడీ పెట్టింది. ఆరు పాటలు రోడ్రిక్ గొప్పలే. ఏడోదాంట్లో ఓర్లాండస్ గొంతు వచ్చింది. ఆవిడ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దరువు ఆగింది.

"డీజే బిగ్ గ్రేవీ వచ్చేశాడ్రోయ్! అట్లాంటా నుంచి!" అని ఒక అరుపు, వెనకాల సైరన్ మోత. తేరుకునేసరికి దరువు మళ్ళీ మొదలైపోయింది.

ఆ వృత్తిలో అది తప్పు కాదు. టేపు కూర్చేది డీజే, పేరున్న డీజే అరుపులు లేకపోతే దానికి విలువే లేదంటారు. దరువు ఎక్కడ ఆగితే అక్కడ డీజే తన పేరు అరుచుకుంటాడు, అది తనకోసమే ఆగిందనుకుంటాడు. వెర్లీన్ మూడుసార్లు వెనక్కి తిప్పి వింది. అరుపు కింద చిన్న ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎవడే వీడు, గ్రేవీగాడు? పిల్లాడి నోరు నొక్కేశాడు!" అంది డ్రయ్యర్ కింద ఉన్న ఫ్లోరిన్.

వెర్లీన్ కారు తాళాలు అందుకుంది.

"నా తల సగంలో ఉందే!"

"ఎక్కడికీ పోదులే, కూర్చో!"

కార్లు కడిగే చోట రోడ్రిక్ డిక్కీ తెరుచుకుని నిలబడ్డాడు. ఎదురుగా జనం వరస కట్టారు. ఏప్రన్‌తోనే వస్తున్న ఆవిడని చూసి తింటున్న చేప ముక్క పక్కన పెట్టేశాడు.

"మిస్ వెర్లీన్! ఇంత ఎండలో ఎందుకొచ్చారు మ్యామ్..."

"సోలో అంటే ఏవిట్రా?"

"అంటే... నేనొక్కణ్ణే పాడింది మ్యామ్."

"మరి ఏడో పాటలో ఉన్నది దెయ్యమా?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, ఆవిడ మొహం చూసి మింగేశారు.

"అది డీజే పని మ్యామ్. పాట ఆగిన చోట అరవడం వాళ్ళ అలవాటు. నేనేం చెయ్యను?"

"సీడీలు వెయ్యకముందు నీకు వినిపించాడా లేదా?"

రోడ్రిక్ బూట్లు చూసుకున్నాడు. "వినిపించాడు."

"విన్నావు. ఊరుకున్నావు."

"పాటల కంపెనీవాళ్ళు ఒక్కడి పేరే వినబడాలన్నారు. ఓర్లాండస్ పేరు వస్తే రెండోవాడెవడని అడుగుతారు... ఎవరూ పట్టించుకోరనుకున్నా మ్యామ్."

వెర్లీన్ ఒళ్ళు భగ్గుమంది. "నా వంటింట్లో తిని పెరిగావు కదరా! నా బిడ్డ గొంతు కావలసి వచ్చింది, పేరు మాత్రం పనికిరాలేదా? అరుపు లేనిది ఎక్కడుంది?"

"లేదు మ్యామ్" అన్నాడు గానీ, కళ్ళు ఒక్క క్షణం కారు ముందుసీటు వైపు పోయాయి. పన్నెండేళ్ళప్పటినుంచీ వాడు ఏది ఎక్కడ దాస్తాడో ఆవిడకి తెలుసు. తలుపు తెరిచి అర లాగింది. కాగితాల అడుగున ఒక సీడీ ఉంది, దాని మీద ఓర్లాండస్ చేతిరాత.

"అది నేను వినేది. ఒక్కణ్ణే ఉన్నప్పుడు" అన్నాడు రోడ్రిక్.

"ఓహో! నీకేమో నిక్షేపంలాంటిదీ, ఊరికేమో నోరు నొక్కిందీనా? పెట్టు!"

వాడు పెట్టాడు. వెర్లీన్ వెనక్కి తిరిగి, "ఆ నీళ్ళు కట్టండి!" అని అరిచింది. గొట్టాలు ఆగాయి, యంత్రాలు ఆగాయి. ఓర్లాండస్ పాడుతూ వచ్చాడు. దరువు ఆగింది.

"డ్రయ్యర్లు ఆపండి. నేను ఓర్లాండస్‌ని. వెర్లీన్ కొడుకుని."

దరువు మళ్ళీ అందుకుంది. ఎండకి మండిపోతున్న కారు మీద వెర్లీన్ చెయ్యి ఆనించి ఉంది, తీయాలన్న ధ్యాస కూడా లేదు. పాట అయిపోయాక సీడీ బయటికి లాగి ఏప్రన్ జేబులో వేసుకుంది.

రోడ్రిక్ వెంటపడ్డాడు. "మిస్ వెర్లీన్, నా దగ్గర అదొక్కటే ఉంది. దయుంచి..."

"నాకూ వాడొక్కడే ఉండేవాడు" అని ఆవిడ కారు తలుపు వేసుకుంది.