అట్టు మీద హారతి

ఈమధ్య విజయనగరం బజారులో కొన్న కర్పూరం ఓ పట్టాన అంటుకోదు. అగ్గిపెట్టె సగం ఖాళీ అయ్యాక, దేవుడికే జాలేసి కాబోలు, కాస్త పొగ వస్తుంది. మా మావ ఉండుంటే ఆ కొట్టువాడికి కలకత్తా మంట గురించి చెప్పేవాడు.

అరవైల చివర నేను కలకత్తాలో గుమాస్తాని. మావ, అంటే మా అమ్మ తమ్ముడు, శ్రీముఖలింగం పక్క ఊళ్ళో వరి పండించేవాడు. ఆయన కూతురు నాకేనని అది పుట్టిన రోజే పెద్దలు అనుకున్నారు. కాస్త ఆలస్యంగా నేనూ అనుకున్నాను, వాళ్ళకంటే గట్టిగా. ఇంతలో కలకత్తా పోయినవాళ్ళు తాగుతారని ఎవరో ఆయన చెవిన వేశారు. మా జిల్లాలో అప్పుడు మద్యనిషేధం. అంటే సారాకి కొంచెం ఎక్కువ దూరం నడవాలి. మావ ఆ నడక కూడా ఎరగడు. తాగేవాడికి పిల్లనివ్వనని ఇంట్లో చెప్పి, సంగతి తేల్చుకోడానికి ఆమదాలవలసలో రైలెక్కేశాడు.

హౌరాలో దిగుతూనే అడిగాడు.

"ఆపీసయ్యాక సాయంకాలం ఏటి సేస్తన్నావురా?"

"టిఫిను తింటాను మావా."

అబద్ధం కాదు. క్లుప్తంగా చెప్పానంతే.

మా పెద్దగుమాస్తా బెంగాలీ. పిల్లనిచ్చే మావ వచ్చాడని విని, విందు తనదేనంటూ మమ్మల్నిద్దర్నీ పార్కు స్ట్రీటుకి లాక్కెళ్ళాడు. అక్కడ అన్ని బార్లుండగా, ఆయన దూరింది సరిగ్గా నేను టిఫిను తినే బారులోకే. ఫ్రెంచివాళ్ళ తీపి అట్లు వేస్తారక్కడ. రంగురంగుల మందు కలిపి గ్లాసుల్లో పోస్తారు. మావకి అట్ల గురించి వివరంగా చెప్పాను.

లోపల గర్భగుడంత చీకటి, తిరనాళ్ళంత జనం. బ్యాండు హోరు. తళుకుల గౌను తొడుక్కున్న అమ్మాయి బొంగురు గొంతుతో పాడుతోంది.

"ఆ పిల్లకి జలుబేట్రా?" అన్నాడు మావ. "పాలల్లో మిరియాలేసుకోమను."

తలపాగా, ఎర్ర నడికట్టు వేసుకున్న బేరరు మడతపెట్టిన అట్లు పెనంతో సహా తెచ్చాడు. మా బల్ల పక్కనే నిలబడి వాటి మీద బ్రాందీ పోసి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట భగ్గున లేచింది.

మావ లేచి నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. రెండు చేతులూ మంట మీద చూపి కళ్ళకద్దుకున్నాడు. బొడ్లోంచి పావలా తీసి పెనంలో వేశాడు. మా పెద్దగుమాస్తా చెయ్యి కూడా అలవాటు కొద్దీ సగం దాకా లేచి, ఎక్కడున్నామో గుర్తొచ్చి, తల గోక్కుంది.

హారతయ్యాక తీర్థం ఉండాలి గనక, మావ కుడిచెయ్యి పుడిసిలి పట్టి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే బేరరు నా ముందు, నేనడక్కుండానే, నా గ్లాసు పెట్టాడు. బేరరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెద్దాయన చెయ్యి చాపి నిలబడితే కాదనలేకపోయాడు పాపం. గ్లాసు తీసి కాస్త వంచాడు. మావ మూడుసార్లు పుచ్చుకుని, చెయ్యి తలకి రాసుకున్నాడు.

"గాటుగున్నాది. తులిసి ఎక్కువేసినారు."

బేరరు నవ్వాపుకుంటూ తనలో తను ఒరియాలో ఏదో గొణిగాడు. మావ మొహం విప్పారింది. వంశధార గట్టున పశువుల బేరాలన్నీ ఒరియాలో ఆడిన మనిషి ఆయన. సొంతూరికి అంత దూరంలో ఆ మాట వినబడేసరికి బేరరుని భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. బ్యాండు మోతలో వాళ్ళ పెదాలు కదలడమే నాకు కనిపించింది. వినిపించినా లాభం లేదు. బీయే దాకా నాకు నేర్పిన భాషల్లో ఒరియా లేదు. మధ్యలో బేరరు రెండుసార్లు నా వైపు చూపించాడు, చాలా అభిమానంగా.

తిరుగు ట్రాములో మావ నా పక్కన కూర్చున్నాడు.

"అట్టు బాగున్నాది," అన్నాడు. "ఆ కుర్రోడిది బరంపురం పక్కనట. నిన్ను సానా మెచ్చుకున్నాడు. రోజూ వస్తావట. ఎంత తాగినా గొడవ సెయ్యవట. నాకిచ్చిన తీర్తం కూడా నీదేనట."

నేను కిటికీలోంచి కలకత్తాని శ్రద్ధగా చూశాను.

"ఒక్క అబద్దం ఆడలేదు ఆడు," అన్నాడు మావ. "ఆడికి పెళ్ళయిందేటో రేపు కనుక్కో."