చెవులకు తెల్ల పట్టీలు

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు మా ఊరి ఆడపిల్లలను చూస్తే, వీళ్ళు బాన్సువాడ హైస్కూలుకు పోతున్నారా, పెళ్ళిచూపులకు పోతున్నారా అని అనుమానం వస్తుంది. మా వాడలో దసరాకు మేనమామ కొత్త బట్టలు పెడతాడు. కాస్త కలిగినవాడైతే చెవులకు బంగారం కూడా పెడతాడు. పెట్టిన సొమ్ము దీపావళి దాకా తీయకూడదట, తీస్తే పెట్టినవాడికి కీడట. ఈ నియమం ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. నా చిన్నప్పుడైతే లేదు. అప్పుడు పెట్టడానికి బంగారమూ లేదు. పెట్టిన సొమ్ము నలుగురి కంట్లో పడాలి కదా, అందుకు బడిని మించిన చోటు ఎక్కడ దొరుకుతుంది?

నా మనవరాలు ఎనిమిదో తరగతి. దాని మేనమామ బుట్ట కమ్మలు పెట్టాడు. అవి కనబడాలని నా కోడలు దాని జడలు పైకి మడిచి కట్టింది. లెక్కల పుస్తకం సంచిలో ఉందో లేదో చూడలేదు గానీ, కమ్మల మరలు బిగిశాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసింది.

మా ఊళ్ళో నుంచి ఆటోలు ఆగే రోడ్డుకు పోవాలంటే కాలువ కట్ట మీద నడవాలి. అటూ ఇటూ కోతకొచ్చిన వరి తప్ప మనిషి జాడ ఉండదు. బడి తెరిచిన వారంలోనే మోటర్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి, మా పక్కింటి పిల్లను ఆపి, "కోటగిరికి తొవ్వ ఎటు పాపా?" అని అడిగారు. మంచి పిల్ల, మర్యాదగా చెయ్యెత్తి చూపించింది. వాళ్ళు దాని చెవి కమ్మ లాక్కుని, అది చూపించిన దారినే వెళ్ళిపోయారు. చెవి తమ్మె చీలింది. దవాఖానలో కుట్లు వేశారు. వాళ్ళమ్మ మొదట కమ్మ పోయిందని ఏడ్చింది, తర్వాత చెవి చూసి ఏడ్చింది. నేను వరస మార్చి చెప్పడం లేదు, అలాగే జరిగింది.

బడిలో తల్లిదండ్రులను పిలిచారు. ఒక పోలీసాయన వచ్చాడు. పడుచువాడు, ఓపిక గలవాడు.

"పిల్లలకు సొమ్ములు పెట్టి తోలకుండ్రి. గుంపుగ నడవమనుండ్రి. కొత్తోళ్ళు బండి ఆపితే దగ్గరికి పోవద్దని చెప్పుండ్రి. గంతే" అన్నాడు.

ఆ 'గంతే' మావాళ్ళకు నచ్చలేదు. ఇంత చిన్న మాట కోసం పనులు మానుకుని రావాలా?

"కట్ట మీద కెమెరాలు పెట్టుండ్రి సార్" అని ఒకాయన లేచాడు.

"కట్ట మీద కరెంటు స్తంభమే లేదు కదన్నా?"

"అయితే ముందుగల స్తంభాలు ఎయ్యుండ్రి."

ఇంతలో ఒకామె, "కమ్మలు తీస్తే మా అన్నకు కీడు సార్" అంది.

"పిల్ల చెవి తెగితే మీ అన్నకు మేలా అక్కా?" అని పోలీసాయన అడిగాడు. ఆమె కొంగు సర్దుకుంటుండగానే వెనక కూర్చున్న మరొకామెకు ఉపాయం దొరికింది. కమ్మల మీద తెల్ల ప్లాస్టర్ అంటిద్దాం, చెవికి దెబ్బ తాకిందనుకుని దొంగలు పోతారు అంది. అందరూ తలలు ఊపారు. చప్పట్లు ఒక్కటే తక్కువ. పోలీసాయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

మర్నాడు పొద్దున కట్ట మీద మా ఊరి ఆడపిల్లలు వరసగా పోతున్నారు, ప్రతి చెవికీ తెల్ల పట్టీతో. ఊళ్ళో ఆడపిల్లలందరికీ ఒకేసారి రెండు చెవులకూ దెబ్బ తాకింది! ఇది నమ్మే దొంగ ఎవడైనా ఉంటే వాడు ఆ పనికి పనికిరాడు. ఇంకా వినండి. గిల్టు కమ్మల పిల్లలకు కూడా పట్టీలు వేశారు. వేయకపోతే అవి గిల్టువని ఊరికి తెలిసిపోతుందిగా! ఒక మహాతల్లి అయితే ఉత్త చెవులకే పట్టీలు అంటించి పంపింది.

"ఎట్లుంది అత్తా?" అని నా కోడలు గర్వంగా అడిగింది.

"మస్తుంది పిల్లా. ఇదివరకు దొంగలు దగ్గరికొచ్చి చూసుకునేటోళ్ళు. ఇగ దూరంకెల్లే కనవడతది. పాపం, వాళ్ళకు తిప్పలు తప్పినయ్."

"నీకు అన్నిట్ల ఎక్కిరింతే" అని మూతి తిప్పుకుంది.

రెండు రోజులు గడవలేదు, ఆ మోటర్ సైకిల్ మళ్ళీ వచ్చింది. పిల్లలు చూసి, సంచులు పారేసి వరి మడుల్లోకి దూకి ఉరికారు. ఎవరి కమ్మా పోలేదు. నా మనవరాలు మోకాళ్ళు గీరుకుని, ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చింది. సాయంత్రం నా కొడుకు అన్నం ముందు కూర్చుని తీర్పు చెప్పాడు.

"రేపటిసంది బడి బంద్."

"ఎన్నొద్దులు?" అన్నాను.

"దొంగలు దొరికేదాక."

"దొరకకుంటే?"

వాడు కంచంలోకి చూశాడు. 'కొన్నాళ్ళు' అని ఆపిన ఆడపిల్ల చదువు మళ్ళీ మొదలైన ఇల్లు మా వాడలో ఒక్కటి ఉంటే చూపించమనండి. పిల్ల గోడకు ఒరిగి మోకాళ్ళు ఊదుకుంటోంది. ఇది ఒకటో తరగతిలో ఉన్నప్పుడు పలక నా ఒళ్ళో పెట్టి, "గట్ల కాదవ్వా, కిందికెల్లి తిప్పు" అని కసిరి నాకు అక్షరాలు నేర్పింది. నేనీ వయసులో బస్సు బోర్డు చదువుతున్నానంటే దాని పుణ్యమే. నాకు చదువు చెప్పిన పంతులమ్మకే బడి మాన్పిస్తుంటే నా నోరు ఊరుకోలేదు.

"దొంగోడు కమ్మ గుంజుకుంటుండు. మీరు బడి గుంజుకుంటుండ్రు. కమ్మ మాత్రం చెవికే ఉండాలె. మీకన్న వాడే నయం కొడకా, చెవితోని ఇడిసిపెట్టిండు."

"కమ్మ తీస్తే అయిపాయెనా అమ్మా? రేపు పిల్లనే ఏమన్న చేస్తే?"

దీనికి నా దగ్గర వెటకారం లేదు.

"గా భయం నాకూ ఉన్నది బిడ్డా. ఆటో దాక నేనే పోతా, మల్ల పొద్దుమీకి నేనే తోల్కొస్తా. నాకేం పనున్నది, మీ ఇద్దరి పంచాది ఇనుడు తప్ప?"

వాడు అవుననలేదు, కాదనలేదు. మా ఇంట్లో అది అవునన్నట్టే.

పొద్దున పిల్లను తీసుకుని నేరుగా బాన్సువాడ అంగట్లో బంగారప్పని చేసే అవుసలి దగ్గరికి పోయాను. కోడలు బిగించిన బిగింపుకు మరలు కదల్లేదు. ఆయన నూనె చుక్క వేసి, మెల్లగా తిప్పి తీశాడు. రంధ్రాలు పూడకుండా వేప పుల్లలు విరిచి పెట్టాడు.

"బడిల నవ్వుతరవ్వా" అని పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నవ్వనీ బిడ్డా. చెవి తెగితే ఎట్లన్న ఏడ్చేటోళ్ళేనాయె, గిప్పుడన్న నవ్వనీ."

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. కోడలు వేప పుల్లలు చూసి, ఇంట్లో ఎవరో పోయినట్టు గడపలో కూలబడింది.

"మా అన్నకు ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? ఆయన పెట్టిన సొమ్ము పెట్టెల దాచిపెడ్తమా?"

"పెట్టెల ఎందుకు? మీ అన్న సొమ్మే కదా, నువ్వు పెట్టుకో."

ఆ పూట అలిగింది. మర్నాటికి పెట్టుకుంది. ఇప్పుడు వడ్లు ఆరబోసిన చోటుకు, అంత ఎండలో, కొంగు నెత్తిన వేసుకోకుండా పోతోంది. కీడు తగలాల్సిన ఆ మేనమామ ఫోన్‌లో పిల్ల బాగుందా అని ఒక్క ముక్క అడిగి, మేకల ధరల గురించి మాట్లాడాడు. కనీసం దగ్గనైనా దగ్గలేదు.

కమ్మలు తీయించిన మర్నాడు పొద్దున నేను కర్ర పట్టుకుని మనవరాలి వెంట కట్ట మీద నడిచాను. రోడ్డు మీద ఆటో అతను నన్ను చూసి, "ఏందవ్వా, నువ్వు గూడ బడికేనా?" అన్నాడు.

"అవ్ బిడ్డా. ఏ తరగతిల కూసోవెడతరో జెర అడిగి చెప్పు."

పిల్లకు సిగ్గేసింది. సంచి ఒళ్ళో పెట్టుకుని మూలకు జరిగి, "ఇగ నువ్వు పో అవ్వా" అంది. ఆటో మలుపు తిరిగేదాకా నేను కదల్లేదు. వెనక నుంచి ఒక మోటర్ సైకిల్ వచ్చింది. పాల క్యాన్లు వేలాడుతున్నాయి, ముఖం కొత్తది. కర్ర అడ్డం పెట్టి ఆపి, ఏ ఊరు, ఎవరి కొడుకువు, ఎవరింటికి పాలు అని అన్నీ అడిగి గానీ వదల్లేదు. వాడు పోతూ పోతూ, నన్నే దొంగను చూసినట్టు చూసి పోయాడు.