పదవికీ పెదవికీ మధ్య ఒక పాత గొంతు

మా కారు ముందు సీటులో కూర్చుంటే నాకు ఎదురుగా కనిపించేది ఎప్పుడూ ఏదో ఒక ఆఫీసు గోడే. చేవెళ్ల గోడలూ మొయినాబాద్ గోడలూ నాకు కంఠతా వచ్చు. ఎక్కడ సున్నం పెచ్చులూడిందో, ఏ పోస్టరు మీద ఏ పోస్టరు అతికించారో కళ్లు మూసుకుని చెప్పగలను. ఊరి సర్పంచ్‌ని నేను. లోపల మాట్లాడుతున్నది మా ఆయన.

సీటు మహిళలకు రిజర్వు అయింది కాబట్టి నేను నిలబడ్డాను. గెలిచాక మళ్లీ కూర్చున్నాను, ఈ కారులో. ప్రమాణ స్వీకారం రోజు మైకులో నాలుగు మాటలు చదివాను. అప్పుడు కూడా మైకు ఖరాబైందనుకుని ఎవరో వచ్చి వైరు కదిలించారు. ఆ తరువాత ఎవరూ ఆ ప్రయత్నం చేయలేదు, నేనూ చేయలేదు. నాకు పదవి ఇచ్చారు, పెదవి మాత్రం మా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. కారులో ఏసీ ఆపకుండానే దిగుతాడు, వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తెస్తాడు. "నీకెందుకు లోపలికొచ్చి తిప్పలు" అంటాడు. ఆ మాటలో ప్రేమ కూడా ఉంటుంది, అదే చిక్కు. ప్రేమగా వేసిన గడియ తీయాలంటే చేయి రాదు.

అసలు గొడవంతా నా గొంతుతో వచ్చింది. నాది మగగొంతు. బడిలో ప్రార్థన పాడే వరుసలో నన్ను నిలబెట్టి, పెదవులు కదిలిస్తే చాలు, పాడొద్దు అని చెప్పింది టీచరు. పెళ్లిచూపుల్లో మా అమ్మ, పిల్లకు జలుబు చేసిందని చెప్పి గట్టెక్కించింది. ఆ జలుబు ఇంతవరకు తగ్గలేదు. అత్తగారింట్లో గొంతు తగ్గించుకోమనేవాళ్లు. ఇంకా తగ్గిస్తే అది భూమిలోకి దిగి బోరు మోటారుకు తగులుతుందని అనాలనిపించేది. అనలేదు. ఫోనెత్తి హలో అంటే చాలు, అవతలివాళ్లు "అన్నా, నమస్తే" అంటారు. దిద్దడం ఎప్పుడో మానేశాను.

చేవెళ్లలో మా అన్నకు మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. కాలిన మోటార్ల మధ్యనే ఒక అల్మారా నిండా పాత గ్రామఫోన్ ప్లేట్లు పెట్టుకున్నాడు. తిన్న ప్లేటు ఎత్తడు కానీ వీటిని మాత్రం రోజూ తుడుస్తాడని మా వదిన ఫిర్యాదు. మా వైపు పాత రికార్డులంటే భూముల పహాణీలు తప్ప ఇంకోటి కాదు. అన్న దగ్గర పాత రికార్డులున్నాయని విని ఒక పెద్దమనిషి తన తాత భూమి లెక్క తేల్చమని వచ్చాడు. అన్న ఆయనను కూర్చోబెట్టి చాయ్ తాగించి ఒక ప్లేటు వినిపించి పంపాడు. పట్టా అడిగితే పాట ఇచ్చాడని ఆయన ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు.

ఆ ప్లేట్లలో ఒక గాయనివి కొన్నిటిని అన్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నా చేతిలో పెట్టాడు. "చెల్లె, జర ఇది విను. నీ గొంతే" అన్నాడు. ఆమె పేరు ఇక్కడ రాయను. తెలిసినవాళ్లకు అక్కర్లేదు. తెలియనివాళ్లు నా వర్ణన పట్టుకుని వెతికితే ఎవరో మగాయన ఇంటికి చేరతారని నా భయం.

మొదటిసారి విన్నది కారులోనే, చేవెళ్లలో ఒక గోడ ముందు. ముందు పెనం మీద పల్లీలు వేగుతున్న చప్పుడు. తరువాత ఎవరో మగమనిషి పాడుతున్నాడు. బాగానే పాడుతున్నాడు, అన్న పొరపాటున వేరే పాట ఎక్కించినట్టున్నాడు అనుకున్నాను. సగం పాట అయ్యాక "నీ గొంతే" అన్న మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లుగా నన్ను అన్నా అని పిలిచినవాళ్లందరినీ లోపల్లోపల తిట్టుకున్నదాన్ని, నాలాంటి మనిషి ఎదురుపడితే నేనూ అదే పని చేశాను.

మళ్లీ మొదటినుంచి విన్నాను. మిగతా గాయకులు పైకి ఎక్కుతారు, జనం చప్పట్లు కొడతారు. ఈమె కిందికి దిగుతుంది. దిగుడుబావిలో మెట్టు మెట్టుకూ కాలు ఆనించి చూసుకుంటూ దిగినట్టు దిగి, అట్టడుగున నీళ్లు తగిలాక ఒక క్షణం నిలబడుతుంది. ఆ నిలబడడం కోసమే నేను వందసార్లు వినుంటాను. తంబూరా చప్పుడు దోమ రొదంత అయిపోయింది. మృదంగం పక్కింట్లో మోగుతున్నట్టుంది. ఆ గొంతు మాత్రం ఇన్ని దశాబ్దాలు దాటి వచ్చి నా పక్క సీటులో కూర్చుంది.

అప్పట్లో ప్లేటుకు ఒక పక్కన మూడు నిమిషాలకు మించి పట్టేది కాదట. మూసిన గదిలో నిలబెట్టి, గొట్టంలోకి పాడమనేవాళ్లట. గంటసేపు పాడే కృతిని ఆ మూడు నిమిషాల్లో ఇరికించాలి. ఆమెదీ నా కారులాంటి గదే అనుకున్నాను. తేడా ఏమిటంటే ఆమె ఆ గదిలో తొందరపడలేదు. నేనైతే గోడను చూస్తూ గడియారం చూసుకుంటాను. చివర్లో ఆమె ఇంకో మలుపు తిరగబోతుంటే పాట ఠక్కున ఆగిపోతుంది, ఎవరో నోటికి చేయి అడ్డం పెట్టినట్టు. నాకు ప్రతిసారీ కోపం వస్తుంది. మళ్లీ పెడితే ఆమె మాత్రం ఏ కోపమూ లేకుండా మొదలుపెడుతుంది.

అద్దాలు ఎక్కించి, ఆమెతోపాటు కూనిరాగం తీయడం అలవాటైంది. సినిమా పాటలన్నీ నాకు ఒక అంతస్తు పైన ఉండేవి, నిచ్చెన ఎప్పుడూ అందేది కాదు. ఈమె పాట నేలమీదే ఉంది, చెప్పులు విడిచి లోపలికి పోవచ్చు. మా ఆయన వచ్చి తలుపు తీస్తూ "ఎవడు వీడు, ఎప్పుడు జూసినా వీడేనా" అని పాట ఆపేసి బజ్జీల పొట్లం నా ఒళ్లో పెట్టేవాడు. నేను తినేదాన్ని. నోటికి అదొక్కటే పని.

ఒక పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు పంచాయతీ ఫోను మోగింది. చిన్న మంగళారం వైపు చెలకలో ఆకుకూరలు పండించే ఒక అవ్వ. నా హలో వినగానే "కొడుకా" అని మొదలుపెట్టింది. ఆమె మడి దాకా పోయే బండ్ల బాటకు అడ్డంగా కొత్త ఫామ్‌హౌస్ వాళ్లు ఇనుప గేటు పెట్టారట. కూర మోపు నెత్తిన పెట్టుకుని గట్ల వెంట చుట్టూ తిరిగి రోడ్డుకు వచ్చేసరికి ఆటో వెళ్లిపోతోందట. మార్కెట్‌కు చేరేలోపు కూర వాడిపోతోందట. ఆయన కాదు, నేను అని చెప్పాల్సింది. కానీ ఒక మనిషి తన కష్టాన్ని నాకు మొదటినుంచి చివరిదాకా చెప్పడం అదే మొదలు, ఆపబుద్ధి కాలేదు. చివరికి ఆమె, "మీ ఆడామెకు చెప్పి పరేషాన్ చెయ్యకు కొడుకా, ఆమె ఏం జేస్తది పాపం" అంది.

"గేటు తీపిస్త అవ్వా" అన్నాను.

ఎంత నిబ్బరంగా వచ్చిందో ఆ మాట. కిందినుంచి వచ్చింది, నీళ్లు తగిలిన చోటినుంచి.

ఆయన తల తుడుచుకుంటూ రాగానే గేటు సంగతి చెప్పాను, మాట సంగతి చెప్పలేదు. ఎండాకాలంలో ఊరికి నీళ్ల ట్యాంకర్లు పంపింది ఆ ఫామ్‌హౌస్ ఆయనే, ఎట్ల మొహం మీద అడుగుతం, చూద్దాం అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే ఇక చూడం అని అర్థం. అలా మా ఆయన గొంతుతో ఇచ్చిన మాట నా గొంతులో ఇరుక్కుంది. బాట మూసుకుపోయింది అవ్వకా నాకా అని అనుమానం వచ్చేది. ఆ రోజుల్లో పాట మరీ ఎక్కువగా విన్నాను. అట్టడుగు స్వరానికి ముందు ఆమె చిన్న ఊపిరి తీసుకుంటుందని అప్పుడే గమనించాను. ఆ ఊపిరిలో బెదురు లేదు. ఎదుటివాళ్లు ఆగుతారని ఆమెకు తెలుసు.

గ్రామసభ రోజు మైకు మా ఆయన చేతిలో ఉంది, శాలువా నా భుజాల మీద ఉంది. జనంలోంచి అవ్వ లేచింది.

"ఫోన్ల మాటిచ్చినవ్ గదా కొడుకా, గేటు తీపిస్తనని. ఏమాయె?"

"నేనెప్పుడిచ్చిన అవ్వా?" మా ఆయన నిజంగానే బిత్తరపోయాడు.

"నా కాళ్లు పోయినయ్ గని చెవులు పోలే" అంది అవ్వ.

ఎలక్షన్ అయిపోయింది కదా, ఇంకేం యాదికుంటుందని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు. మరొకరు అవ్వకు మతిమరుపు వచ్చిందని అన్నారు. ఆ మాటకు ఆమె మొహం చిన్నబోవడం చూశాను. నేను ఊరుకుంటే ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు అవుతారు, ఎక్కువగా అవ్వే అవుతుంది, గేటు అలాగే ఉంటుంది. మా ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. తీసుకున్నాక ఆయన వేళ్లు ఇంకా పట్టుకున్నట్టే గాలిలో ఉన్నాయి. ఊపిరి తీసుకున్నాను.

"అవ్వా, ఆ మాటిచ్చింది నేను."

నవ్వులు ఆగడానికి కాస్త సమయం పట్టింది. నేను ఆగాను. అవ్వ కర్ర పట్టుకుని దగ్గరికొచ్చి, మళ్లొక్కసారి అనమంది. అన్నాను. కళ్లు మూసుకుని వింది. "గిదే," అని జనం వైపు తిరిగింది, "గిదే గొంతు."

మా ఆయన నా చెవి దగ్గర, "నా పేరు మీద మాటలిస్తున్నవా?" అన్నాడు.

"నా పేరు మీద మీరిస్తలేరా?" అన్నాను. మైకు ఇంకా నా చేతిలోనే ఉందని ఇద్దరమూ మరిచిపోయాం. ఊరంతా విన్నది.

ఆదివారం ఫామ్‌హౌస్ యజమాని పట్నంనుంచి వస్తే మేమిద్దరం అక్కడికి వెళ్లాం. మర్యాదస్థుడు. సార్, సార్ అంటూ మా ఆయనతోనే మాట్లాడాడు. మా ఆయన ఆ తోటలోని మామిడి మొక్కలను అంత శ్రద్ధగా పరిశీలించడం నేనెప్పుడూ చూడలేదు. ఇక నేనే మాట్లాడాల్సి వచ్చింది. అది బండ్ల బాట, ఊరిది అన్నాను. గేటు తీస్తే దొంగల భయం అన్నాడాయన. చాలాసేపయ్యాక గేటు ఉంటుంది కానీ ఒక తాళంచెవి అవ్వ దగ్గర ఉంటుంది అన్న చోట ఆగాం. గెలిచానో ఓడానో తెలియలేదు. ఊరి బాటకు తాళమేమిటని ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంటుంది, దాని మీద మళ్లీ పోవాలి.

అవ్వ ఆ తాళంచెవిని కొంగుకు ముడేసుకుని అడిగింది. "గీ తాళం మారిస్తే ఎవరికి ఫోన్ జెయ్యాలె?"

మా ఆయన నోరు తెరిచాడు. "నాకు" అన్నాను.

"మీ ఇద్దరిది ఒక్కటే ఫోనాయె. ఎవరెత్తిండ్రో నాకెట్ల తెలుస్తది బిడ్డా?"

"సన్నగ పలికితే ఆయన, ఫోన్ పెట్టెయ్యి. దొడ్డుగ పలికితే నేను, చెప్పు."