పదకొండు చుట్ల గ్రిప్పు

మా బాబాయి ఎవరినైనా ముందు కాళ్లు చూసి, తరువాత అరచెయ్యి చూసి, అప్పటికీ తీరిక ఉంటే మొహం చూస్తాడు. ఇండోర్ స్టేడియం పక్కన ఆయనకో ఆటసామాన్ల కొట్టుంది. అందులో వస్తువు కొనడం కంటే పరీక్ష పాసవడం తేలిక.

ఒకాయన వచ్చి, షటిల్‌కీ టెన్నిస్‌కీ పనికొచ్చే బూట్లు కావాలన్నాడు.

"రెండు జతలు తీసుకోండి," అన్నాడు బాబాయి. "టెన్నిస్ నేల గరుకు, అడుగు గట్టిగా, మందంగా ఉండాలి. షటిల్‌కి చెక్క నేల, పలచటి మెత్తటి రబ్బరు కావాలి."

"రెండింటికీ పనికొచ్చేది ఒక్కటే ఇవ్వండి సార్!"

"అన్ని రోగాలకూ ఒకే మందు ఇచ్చే కొట్టు పక్క వీధిలో ఉంది. వెళ్లిరండి."

కాళ్ల దగ్గరికొచ్చిన బేరాన్ని కాలదన్నే వర్తకుడు లోకంలో ఈయనొక్కడేనని మా పిన్ని తల పట్టుకునేది.

చేతుల సంగతి మరీ ఘోరం. కరచాలనమని ఎవరైనా చెయ్యిస్తే అయిపోయినట్టే. మధ్య గీత నుంచి ఉంగరపు వేలి కొసదాకా బొటనవేలితో కొలిచి గానీ వదలడు. ఓసారి కడుపునొప్పితో ఆసుపత్రిలో పడుకుని, పరీక్షించడానికొచ్చిన డాక్టర్ చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు టెన్నిస్ ఆడతారు కదూ? రాకెట్టు పిడికి గ్రిప్పు మరీ సన్నం వాడుతున్నట్టున్నారు. మోచెయ్యి నొప్పి లేదూ?"

"అరె, ఆర్నెల్లనుంచీ ఉందండీ! ఎలా చెప్పారు?" అంటూ ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు.

"ముందు ఈయన కడుపు చూడండి బాబూ!" అని పిన్ని మొత్తుకుంది.

ఇంతటి మనిషి ఇంట్లో పుట్టి కూడా నేను పరుగు బూట్లతో షటిల్ ఆడేదాన్ని. ముచ్చటైన రంగు మరి! "మడమ ఎత్తుగా ఉంది తల్లీ, పక్కకి దూకితే మడతపడుతుంది," అని బాబాయి చెవినిల్లు కట్టుకుని పోరాడు. నేను విన్లేదు. ఒక సాయంత్రం పక్కకి దూకాను, కాలు మడతపడింది, కుడిచేతి మీద పడ్డాను. మణికట్టు విరిగింది.

ఆరు వారాలకు కట్టు విప్పారు. అయినా గుప్పిట మూసుకోలేదు. చెంచా పట్టుకుంటే జారిపోయేది. "వ్యాయామం చెయ్యాలి. మళ్లీ ఆడగలవో లేదో ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ. ఆవిడిచ్చిన రబ్బరు బంతి రెండు రోజుల్లో మంచం కిందికి చేరింది. మూడు నెలల్లో క్లబ్బు పోటీలు. డబుల్స్‌లో నా జోడీకి ఫోన్ చేసి, ఇంకొకరిని వెతుక్కోమన్నాను. ఆ పిల్ల ససేమిరా అంది.

మర్నాడు ఆదివారం. ఎప్పుడు పట్టుకెళ్లాడో, బాబాయి నా రాకెట్టుతో మా ఇంట్లో దిగాడు. పిడి నా ముంజేయంత లావుంది.

"ఇదేంటి బాబాయ్, పచ్చడి నూరడానికా?"

"ఇప్పుడు నీ చేతికి ఇదే సైజు. పట్టుకో."

పట్టుకున్నాను. జారలేదు! కట్టు విప్పాక నా చేతిలో నిలిచిన మొదటి వస్తువు అదే. ఆ రోజంతా దాన్ని చంకన పెట్టుకునే తిరిగాను. గోడకేసి షటిల్‌కాక్ కొట్టాను.

అప్పట్నించీ ప్రతి ఆదివారం వచ్చేవాడు. రాకెట్టు అటూ ఇటూ తిప్పి, "ప్చ్, సరిగ్గా కుదర్లేదు," అని వరండాలోకి పట్టుకుపోయి ఏదో విప్పి చుట్టి తెచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది.

"ఎన్నిసార్లు మారుస్తావు? పనిలేకపోతే పిన్నికి కూరలు తరిగిపెట్టరాదూ!"

"తరిగాను. సైజులు కుదర్లేదని తరిమేసింది," అనేవాడు.

పోటీలకు వారం ముందు నా జోడీ వచ్చి రాకెట్టు చేతిలోకి తీసుకుంది. "లావు గ్రిప్పన్నావ్, ఇది నాదానంతే ఉందే!"

లాక్కుని చూసుకున్నాను. పిడి చుట్టూ నా గుప్పిట మూసుకుని ఉంది. అయిదు వేళ్లూనూ.

ఒక్క పరుగున కొట్టుకెళ్లాను. బాబాయిని నిలదీస్తే పిన్నే చెప్పింది. "మొదట పిడికి గ్రిప్పు టేపు పదకొండు చుట్లు చుట్టాడే. వారానికొకటి తీసేస్తూ వచ్చాడు. డాక్టరమ్మని అడిగే చేశాడులే."

"నాకు చెప్పొచ్చుగా బాబాయ్!"

"చెబితే రోజూ చెయ్యి చూసుకుంటూ బెంగపడేదానివి. ఇలాగైతే నన్ను తిట్టుకుంటూ ఆడుకున్నావు."

కళ్లనీళ్లు తిరిగాయి. బంగారం లాంటి మనిషిని పదకొండు ఆదివారాలు తిట్టిపోశాను. "నా చెయ్యి నాకు తెచ్చిచ్చావు బాబాయ్," అన్నాను. ఆయన గాభరాగా అరలు సర్దడం మొదలుపెట్టాడు.

పోటీల్లో మొదటి ఆటలోనే ఓడిపోయాం. కానీ రాకెట్టు ఒక్కసారి కూడా చేతిలోంచి జారలేదు. నాకదే కప్పు. ఆట అవగానే బాబాయి మెట్లు దిగి గబగబా వచ్చాడు. నన్ను ఓదారుస్తాడనుకున్నాను. నన్ను దాటిపోయి, గెలిచిన జోడీలో ఒక పిల్ల చెయ్యి అందుకున్నాడు.

"అమ్మాయ్, బాగా ఆడావు గానీ నీ గ్రిప్పు తప్పమ్మా. ఆదివారం కొట్టుకి రా, సరిచేసి ఇస్తాను."