బియ్యం బస్తాలతో చూసిన వ్యాను

పాత వ్యాను చూడటానికి నేను బియ్యం బస్తాలు తీసుకెళ్ళాను. ఇరవై కిలోలవి నాలుగు, పైన అయిదు కిలోల కందిపప్పు. మావారూ ఆయన చక్రాల కుర్చీ కలిపితే సరిగ్గా అంత బరువు. పక్షవాతంతో కుడి పక్క పడిపోయిన మనిషిని ఎండలో ఈడ్చుకెళ్ళి, ఎవరిదో బండి లిఫ్టు మీద పరీక్షకు పెట్టడం దేనికని ఆయన్ని క్లెమెంటిలోని మా ఇంట్లోనే ఉంచేశాను. లిటిల్ ఇండియా బజారులో కొన్న బియ్యం, ఎలాగూ తినేదే కదా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఎనిమిది నెలలుగా ఆయన గడప దాటిందంటే ఆసుపత్రికే. ట్రైన్‌లో జనం పక్కకు జరిగి దారి ఇస్తుంటే తల దించేసుకుంటారు. ఒకప్పుడు ఆదివారం ఇంటిపట్టున ఉండమన్నా ఉండని మనిషి, ఇప్పుడు కిందికి వెళ్దాం రండి అంటే "ఎందుకులే" అంటున్నారు. నాకు ఆయన జబ్బు కన్నా ఆ "ఎందుకులే" అంటేనే భయం వేసేది. సొంత బండి ఉంటే మళ్ళీ మనుషుల్లో పడతారని నా ఆశ. కొత్తది కొనే స్తోమత లేదు. అందుకని, కుర్చీతో సహా మనిషి లిఫ్టు మీద ఎక్కేలా ఎవరో ముందే మార్పించుకున్న పాత వ్యాను కోసం వెతికాం.

పాయా లేబర్ దగ్గర పాత బండ్లు అమ్మే ఒక యార్డులో అలాంటిది దొరికింది. చూడటానికి నేనూ, మా అమ్మాయీ, తమ్ముడూ వెళ్ళాం. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి షిప్‌యార్డులో వెల్డింగు పని చేస్తాడు, సెలవు రోజున మా ఇంట్లో భోంచేస్తాడు. యార్డుకు రాగానే చొక్కా విప్పి, అట్ట పరుచుకుని బండి కింద దూరాడు. చిన్న సుత్తితో లిఫ్టు బోల్టుల చుట్టూ కొడుతూ చెవి పెట్టి విన్నాడు.

"అక్కా, ఓడైనా బండైనా తుప్పు కింద నుంచే మొదలవుద్ది. పైన రంగు సూసి మోసపోకు" అన్నాడు లోపలి నుంచే. కాసేపటికి ఒళ్ళంతా మట్టితో బయటికి వచ్చి, "ఇనుం గట్టిగా ఉంది. ఏటీ భయం నేదు" అని తేల్చాడు.

నేను ఊరుకుంటానా? టాపు మీద రెండు బకెట్ల నీళ్ళు పోయించి లోపల తడి వస్తుందేమో చూశాను. బ్యాటరీ పోతే లిఫ్టును చేత్తో దించే పంపు పని చేస్తుందో లేదో చూశాను. కుర్చీని నేలకు కట్టే బెల్టులు ఒక్కొక్కటీ లాగి చూశాను. లిఫ్టు పెట్టించినట్టు బండి కాగితాల్లో రాసి ఉందా, బండిని రోడ్డు మీద తిప్పే అనుమతి ఇంకా ఎన్నేళ్ళుందని అమ్మాయి ఆరా తీసింది. చివరికి బస్తాలను లిఫ్టు మీద పేర్చి, బెల్టు కట్టి, పైకి ఎక్కించాం. బియ్యం పైకి వెళ్ళింది, దిగింది, మళ్ళీ వెళ్ళింది. ఒక్క కుదుపు లేదు.

"అమ్మా, ఎవ్రీథింగ్ ఓకే లా. ఇంకేం చూస్తావు?" అంది అమ్మాయి ఇక్కడి యాసలో.

బండి యజమాని పెద్దాయన, చైనీస్ అంకుల్. తన తల్లిని డయాలసిస్‌కు తిప్పడానికి ఆ లిఫ్టు పెట్టించాడట. ఆవిడ దారంతా కళ్ళు మూసుకునే ఉండేదని చెప్పాడు. పోయిన మనిషి కుర్చీ ఉండే చోట నా బస్తాలు చూశాడు. మీ ఆయన్ని కూడా ఒకసారి ఎక్కించి చూడండని, మరుసటి ఆదివారం బండిని తనే మా బ్లాకు కిందికి తీసుకొస్తానన్నాడు. మంచి మనిషి.

అన్నట్టే వచ్చాడు. మావారిని ఎక్కించాం. అప్పుడు తెలిసింది, బియ్యం బస్తాకు తల ఉండదని. కుర్చీ మీద కూర్చుంటే మనిషి ఎత్తు మామూలు సీటులో కన్నా ఎక్కువ. వ్యాను కిటికీ ఆయన ఛాతీ దగ్గరే ఆగిపోయింది. కళ్ళ ఎదుట ఉత్త రేకు. అమ్మాయి బండి నడిపింది, నేను ముందు సీట్లో కబుర్లు చెబుతూ కూర్చున్నాను. రెండు వీధులు తిరిగి వచ్చాక ఎలా ఉందని అడిగాను.

"ఆసుపత్రికి వెళ్ళడానికి ఇది చాలు" అన్నారు ఆయన, ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని వారాలు కాళ్ళు అరిగేలా తిరిగితే ఇదా మాట? "మీకు ఏం తెచ్చినా వంకే" అని అందరి ముందూ అనేశాను. తమ్ముడే మెల్లగా, "నువ్వొక పాలి అందులో కూకో అక్కా" అన్నాడు.

మావారిని జాగ్రత్తగా ఎత్తి బ్లాకు కింది బెంచీ మీద కూర్చోబెట్టి పక్కనే నిలబడ్డాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. బెల్టులు కట్టారు. ఆయనకన్నా పొట్టిదాన్ని, అయినా మెడ వంచితే తప్ప రోడ్డు కనబడలేదు. ఎడమకు తిరుగుతున్నామో కుడికో తెలియలేదు. ముందు అమ్మాయీ అంకులూ ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఇంజను మోతలో ఒక్క మాటా వినబడలేదు. మలుపుల్లో ఒరిగిపోతున్నానని, కాస్త నెమ్మదిగా పోనివ్వమని కేకేశాను. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఇందాక ఆయన కూడా నన్ను పిలిచారేమో. నేను కబుర్లలో ఉన్నాను.

దిగి, అంకుల్‌కు దణ్ణం పెట్టి వద్దని చెప్పాను. అంకుల్ నొచ్చుకోలేదు. "మా అమ్మ ఎందుకు కళ్ళు మూసుకునేదో నేనెప్పుడూ అడగలేదు" అని తన ఇంగ్లీషులో అని, బండెక్కి వెళ్ళిపోయాడు.

నేను బెంచీ మీద మావారి పక్కన కూర్చున్నాను. సిగ్గుతో మొహం చూడలేకపోయాను. ఆయన చచ్చుబడిన చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏమండీ, అసలు మీకు ఎక్కడికి వెళ్ళాలనుంది?" అన్నాను. ఎనిమిది నెలల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఆయన కారు పార్కు వైపు తల తిప్పారు.

"ఎక్కడికైనా సరే. అక్కడ నాకెవరూ బీపీ చూడకూడదు" అన్నారు.